ఎమ్యులేటర్‌లో ఫీచర్ ఉందా, లేదా? యాప్ టెస్ట్ చేసే ముందు తేల్చుకోవలసినవి

బరంపురం, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి దుకాణాలకు సరుకు వేసే వ్యాపారుల కోసం ఒక ఆర్డర్ యాప్ తయారవుతోందనుకోండి. దుకాణం ఆంధ్రాలో ఉందా ఒడిశాలో ఉందా అన్నది లొకేషన్‌ని బట్టి అదే గుర్తుపట్టాలి. క్యూఆర్ కోడ్ చదవాలి, బ్లూటూత్ ప్రింటర్‌ మీద చీటీ కొట్టాలి, తెలుగులోనూ ఒడియాలోనూ కనబడాలి, సిగ్నల్ సరిగ్గా అందని ఏజెన్సీ ఊళ్ళలో కూడా ఆర్డర్ పోకుండా దాచుకోవాలి. వీటికోసం రకరకాల ఫోన్లు కొనే స్తోమత చిన్న జట్లకు ఉండదు కాబట్టి కంప్యూటర్‌లోనే ఫోన్‌లా నడిచే ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ పెట్టుకుంటారు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఎమ్యులేటర్‌లో ఒక పని జరగలేదంటే తప్పు యాప్‌దో, ఎమ్యులేటర్‌దో, దాన్ని మోస్తున్న కంప్యూటర్‌దో వెంటనే తెలియదు. దీనికి తిరగేసిన చిక్కు ఇంకా ప్రమాదం: ఎమ్యులేటర్‌లో చక్కగా నడిచింది, బజారులో దొరికే చవక ఫోన్‌లో మాత్రం ఆ సెన్సరే లేదు. అందుకే టెస్ట్ మొదలెట్టే ముందు ఒక పట్టిక వేసుకోండి. ఒక్కో ఫీచర్‌కి మూడు గడులు: యాప్ ఏం అడుగుతోంది, ఇమేజ్ (ఎమ్యులేటర్‌లో నడిచే ఆండ్రాయిడ్ కాపీ) ఏం ఉందని చెబుతోంది, చేత్తో చేసి చూస్తే ఏం జరిగింది. చాలామంది రెండో గడితో ఆపేస్తారు. తప్పుడు రిపోర్టులు పుట్టేది అక్కడే.

ఇక్కడ కమాండ్లన్నీ తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. 'డాట్' అన్నచోట చుక్క, 'డ్యాష్' అన్నచోట అడ్డగీత.

ముందు కంప్యూటర్ సంగతి

ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ ఆన్ కాకపోతే ఎమ్యులేటర్ తెరుచుకోదు, తెరుచుకున్నా నత్తనడకే. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్, సీపీయూ పేజీ కింద 'వర్చువలైజేషన్' పక్కన 'ఎనేబుల్డ్' అని ఉందో లేదో చూడండి. లేకపోతే బయోస్‌లోకి (కంప్యూటర్ లేచేటప్పుడు తెరిచే సెట్టింగ్స్) వెళ్ళి ఇంటెల్ అయితే 'ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ', ఏఎండీ అయితే 'ఎస్‌వీఎం మోడ్' ఆన్ చేయాలి. ఆ తర్వాత విండోస్ ఫీచర్ల జాబితాలో 'విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్' టిక్ చేసి రీస్టార్ట్ చేయండి. పాత గైడ్లు చూసి హాక్స్ఎం (ఎమ్యులేటర్‌ని వేగంగా నడిపే ఇంటెల్ పాత సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చేయకండి. ఇంటెల్ దాన్ని 2023లోనే ఆపేసింది. లైనక్స్‌లో ఇదే పని చేసేది కేవీఎం. మీ యూజర్ కేవీఎం గ్రూపులో లేకపోతే అనుమతి లేదని ఆగిపోతుంది.

అంతా సరిగా ఉందో లేదో చెప్పే కమాండ్:

ఎమ్యులేటర్ డ్యాష్‌యాక్సెల్‌డ్యాష్‌చెక్

'ఇన్‌స్టాల్డ్ అండ్ యూజబుల్' అని వస్తేనే ముందుకు వెళ్ళండి. రాకుండానే నెట్టుకొస్తే తర్వాత చూసే ప్రతి 'ఫీచర్ పని చేయలేదు' వెనుకా ఈ నెమ్మదితనమే ఉండొచ్చు. కెమెరా తెరుచుకోవడానికి ఎక్కువసేపు పట్టి యాప్ టైమ్ఔట్ అయితే అది కెమెరా లోపం కాదు. ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్ రెండూ కలిపి నడపాలంటే 16 జీబీ ర్యామ్ ఉంటే మేలు. 8 జీబీతో చేయాల్సి వస్తే స్టూడియో మూసేసి ఎమ్యులేటర్‌ని టెర్మినల్ నుంచే తెరవండి.

ఒక్కో సిస్టమ్ ఇమేజ్ జీబీ పైనే డౌన్‌లోడ్ అవుతుంది. నెట్ బాగున్న చోట ఒక్కసారి దింపి, ఎస్‌డీకే (ఆండ్రాయిడ్ డెవలపర్ టూల్స్) ఫోల్డర్‌లోని 'సిస్టమ్ డ్యాష్ ఇమేజెస్' ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మిగతా కంప్యూటర్లలో అదే చోట పెట్టుకోవచ్చు. దీనివల్ల ఇంకో లాభం, జట్టులో అందరూ ఒకే ఇమేజ్ మీద టెస్ట్ చేస్తారు.

ఏ ఇమేజ్ ఎంచుకోవాలి

ఒకే ఆండ్రాయిడ్ వెర్షన్‌కి మూడు రకాల ఇమేజ్‌లు ఉంటాయి. ఏఓఎస్పీ (ఓపెన్ సోర్స్ ఆండ్రాయిడ్) ఇమేజ్‌లో గూగుల్ సర్వీసులు ఉండవు. మ్యాప్, పుష్ నోటిఫికేషన్, గూగుల్ లాగిన్ ఏవీ నడవవు. 'గూగుల్ ఏపీఐస్' ఇమేజ్‌లో సర్వీసులు ఉంటాయి, ప్లే స్టోర్ ఉండదు, ఏడీబీ (కంప్యూటర్ నుంచి ఆండ్రాయిడ్‌కి కమాండ్లు పంపే టూల్) ద్వారా రూట్, అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారం, దొరుకుతుంది. 'గూగుల్ ప్లే' ఇమేజ్‌లో స్టోర్ ఉంటుంది, రూట్ మాత్రం ఇవ్వదు. ప్రొడక్షన్ బిల్డ్‌లో రూట్ కుదరదని మొహం మీదే చెబుతుంది. యాప్ లోపలి డేటాబేస్ తీసి చూడాలంటే రెండోది, కస్టమర్ ఫోన్‌కి దగ్గరగా ఉండాలంటే మూడోది. రెండూ పెట్టుకోవడం మేలు.

ఇంకొక తేడా ప్రాసెసర్ రకం. మామూలు పీసీలో నడిచేవి ఎక్స్86 ఇమేజ్‌లు, బజారు ఫోన్లు ఏఆర్ఎం. యాప్‌లో ఏఆర్ఎం లైబ్రరీలు మాత్రమే ఉండి, ఇమేజ్‌లో ఏఆర్ఎం అనువాదం లేకపోతే ఇన్‌స్టాల్ దగ్గరే 'నో మ్యాచింగ్ ఏబీఐస్' అని ఆగిపోతుంది. ఆండ్రాయిడ్ 11 ఇమేజ్‌తో ఈ బెడద చాలావరకు తీరింది. ఇమేజ్ వేటిని నడపగలదో చూడాలంటే:

ఏడీబీ షెల్ గెట్‌ప్రాప్ ఆర్ఓ డాట్ ప్రొడక్ట్ డాట్ సీపీయూ డాట్ ఏబీఐలిస్ట్

మొదటి గడి: యాప్ ఏం అడుగుతోంది

డెవలపర్‌ని అడిగి రాసుకోకండి, యాప్ ఇన్‌స్టాల్ ఫైల్ అయిన ఏపీకేనే అడగండి. ఎస్‌డీకే బిల్డ్ టూల్స్‌లో ఉండే ఆప్ట్2తో (ఇంగ్లిష్‌లో ఏ, ఏ, పీ, టీ, 2):

ఆప్ట్2 డంప్ బ్యాడ్జింగ్ యాప్ డాట్ ఏపీకే

వచ్చిన దానిలో 'యూజెస్ ఫీచర్' వరసలు చూడండి. వాటికంటే ముఖ్యమైనవి 'యూజెస్ ఇంప్లైడ్ ఫీచర్' వరసలు. ఎవరూ రాయకపోయినా పర్మిషన్ల వల్ల వచ్చి చేరినవి అవి. కెమెరా పర్మిషన్ పెడితే కెమెరా, ఆటోఫోకస్ రెండూ తప్పనిసరి అన్నట్టు ప్లే స్టోర్ లెక్కేస్తుంది. ఆటోఫోకస్ లేని ఫోన్లకు మీ యాప్ స్టోర్‌లో కనబడదు. ఎమ్యులేటర్‌లోకి ఏడీబీతో నేరుగా ఎక్కిస్తారు కాబట్టి ఈ వడపోత టెస్ట్‌లో ఎక్కడా తగలదు. మ్యానిఫెస్ట్‌లో (యాప్ తనకేం కావాలో చెప్పే ఫైల్) ఆ ఫీచర్‌కి 'రిక్వైర్డ్ ఫాల్స్' పెట్టి, కోడ్‌లో 'హ్యాజ్ సిస్టమ్ ఫీచర్'తో అడగడమే దీనికి విరుగుడు.

రెండో గడి: ఇమేజ్ ఏం చెబుతోంది

ఏడీబీ షెల్ పీఎం లిస్ట్ ఫీచర్స్

ఇందులో పీఎం అంటే ఆండ్రాయిడ్‌లోని ప్యాకేజ్ మేనేజర్. పెద్ద పట్టీ వస్తుంది. దాన్ని ఒక ఫైల్‌లోకి పంపి దాచుకోండి. ఒక్క ఫీచర్ గురించే కావాలంటే:

ఏడీబీ షెల్ పీఎం హ్యాజ్‌డ్యాష్‌ఫీచర్ ఆండ్రాయిడ్ డాట్ హార్డ్‌వేర్ డాట్ ఎన్‌ఎఫ్‌సీ

'ట్రూ' లేదా 'ఫాల్స్' అని తేల్చేస్తుంది. ఎమ్యులేటర్‌తో పాటు నిజం ఫోన్ కూడా కేబుల్‌తో తగిలించి ఉంటే 'మోర్ దన్ వన్ డివైస్' అని ఆగుతుంది. అప్పుడు ఏడీబీ తర్వాత డ్యాష్‌ఎస్, ఆపైన ఎమ్యులేటర్‌డ్యాష్‌5554 అని చేర్చండి.

నిజం ఫోన్ తగిలించి ఉంటే మరీ మంచిది. దాని పట్టీ కూడా తీసి రెంటినీ పక్కపక్కన పోల్చండి. విండోస్‌లో ఎఫ్‌సీ, లైనక్స్‌లో డిఫ్ కమాండ్ ఈ పని చేస్తాయి. పోల్చే ముందు రెండు ఫైళ్ళనూ అక్షర క్రమంలో పెట్టుకోండి. ముందుగా చూడాల్సింది 'ర్యామ్ డాట్ లో', 'ర్యామ్ డాట్ నార్మల్' అనే పేర్లు. తక్కువ ర్యామ్‌తో వచ్చే గో ఎడిషన్ ఫోన్లు మొదటిదాన్ని చెబుతాయి, మామూలు ఎమ్యులేటర్ ఇమేజ్ రెండోదాన్ని. సంతల్లో సరుకు అమ్మేవాళ్ళ చేతుల్లో ఉండేవి ఎక్కువగా మొదటి రకమే.

ఈ పట్టీ ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తేనే దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. సిస్టమ్, వెండర్ భాగాల్లో 'ఈటీసీ పర్మిషన్స్' ఫోల్డర్లలోని ఎక్స్‌ఎంఎల్ ఫైళ్ళలో రాసి ఉన్నదే పీఎం చదివి వినిపిస్తుంది. అది హార్డ్‌వేర్‌ని తట్టి చూసి చెప్పే మాట కాదు. డివైస్ మేనేజర్‌లో మీ ఏవీడీ (మీరు తయారుచేసుకున్న ఊహా ఫోన్) నుంచి జైరోస్కోప్ తీసేసినా పట్టీలో పేరు అలాగే మిగిలిపోవచ్చు. సెన్సర్లకు నమ్మదగినది ఇది:

ఏడీబీ షెల్ డంప్‌సిస్ సెన్సర్‌సర్వీస్

కోడ్‌లో అయితే 'గెట్ డిఫాల్ట్ సెన్సర్' ఇచ్చిన జవాబు నల్ (ఖాళీ) కాదా అని చూడాలి. ఎమ్యులేటర్‌లో యాక్సిలరోమీటర్, జైరోస్కోప్, అయస్కాంత క్షేత్రం, వెలుతురు, పీడనం, తేమ అన్నీ ఉంటాయి. చవక ఫోన్లలో జైరోస్కోప్, దిక్సూచి చాలాసార్లు ఉండవు. కాబట్టి హార్డ్‌వేర్ ప్రొఫైల్‌లో జైరోస్కోప్, ప్రాక్సిమిటీ తీసేసిన రెండో ఏవీడీ ఒకటి తయారుచేసి, యాప్ దాని మీద కూడా పడిపోకుండా నిలబడుతుందో లేదో చూడండి.

మూడో గడి: చేత్తో చేసి చూడటం

లొకేషన్‌తో మొదలుపెట్టండి. సరిహద్దు జిల్లాల యాప్‌కి ప్రాణం అదే. ఇచ్ఛాపురానికీ బరంపురానికీ మధ్య సుమారు 25 కిలోమీటర్లు, ఆ దారిలో గిరిసోల దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద రాష్ట్రం మారుతుంది. జీఎస్టీలో ఆంధ్రప్రదేశ్ కోడ్ 37, ఒడిశా కోడ్ 21. ఇచ్ఛాపురం వ్యాపారి సోంపేటకు పంపితే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. గిరిసోలకు పంపితే ఐజీఎస్టీ. దుకాణం ఏ వైపుందో యాప్ పొరబడితే బిల్లే తప్పు.

ఎమ్యులేటర్‌కి లొకేషన్ ఇచ్చే కమాండ్:

ఏడీబీ ఎము జియో ఫిక్స్ 84.79 19.31

ఇది బరంపురం. ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం అన్నది గుర్తుంచుకోండి. మ్యాప్‌లో కాపీ చేస్తే అక్షాంశమే ముందు వస్తుంది. అలాగే అతికిస్తే మీ ఫోన్ ఉత్తర ధ్రువం దగ్గరి ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది. కమాండ్ మాత్రం తప్పు పట్టదు, 'ఓకే' అనే అంటుంది. 'యాప్ ఏ రాష్ట్రమూ చూపడం లేదు' అన్న రిపోర్ట్ వస్తే ముందు ఈ వరస చూడండి. ఇచ్ఛాపురానికి 84.69 19.12 ఇవ్వండి.

ఇచ్చినా లొకేషన్ రాకపోతే మూడు కారణాలుంటాయి. సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆఫ్‌లో ఉండటం ఒకటి. యాప్ 'గెట్ లాస్ట్ లొకేషన్' మీదే ఆధారపడటం రెండోది. అప్పటిదాకా ఏ యాప్ లొకేషన్ అడగకపోతే దానికి నల్ వస్తుంది. మ్యాప్స్ ఒకసారి తెరిస్తే సరిపోతుంది, కానీ అప్పుడు దాన్ని యాప్ లోపంగానే రాయండి, ఎందుకంటే కొత్త ఫోన్‌లో కూడా ఇలాగే జరుగుతుంది. మూడోది, ఏఓఎస్పీ ఇమేజ్ మీద గూగుల్ సర్వీసులు కావలసిన ఫ్యూజ్డ్ లొకేషన్ వాడటం.

సరిహద్దు దాటే పరీక్షకు ఒక్కో పాయింట్ ఇవ్వడం చాలదు. ఎమ్యులేటర్ ఎక్స్‌టెండెడ్ కంట్రోల్స్‌లో లొకేషన్ పేజీకి వెళ్ళి, ఇచ్ఛాపురం నుంచి బరంపురం దాకా హైవే వెంట తీసిన జీపీఎక్స్ (దారి పాయింట్ల) ఫైల్‌ని లోడ్ చేసి నడపండి. రాష్ట్రం మారే చోట యాప్ ఒకసారి మారి ఊరుకుంటుందా, ఇటూ అటూ ఊగుతుందా చూడండి. నిజం జీపీఎస్ మీటర్ల తేడాతో కదులుతుంటుంది, ఎమ్యులేటర్ ఇచ్చేది మాత్రం గీత గీసినంత నిఖార్సుగా ఉంటుంది. అందుకని సరిహద్దుకు 10, 20 మీటర్ల అటూ ఇటూ పాయింట్లను జీపీఎక్స్‌లో మీరే కలపాలి.

లొకేషన్ నుంచి రాష్ట్రం పేరు తెచ్చే జియోకోడర్ వేరే ఫీచర్. అది ఆండ్రాయిడ్ సొంతది కాదు, వెనుక సర్వీస్ కావాలి. ముందు 'ఈజ్ ప్రెజెంట్' అడగాలి. ఏఓఎస్పీలో ఫాల్స్ వస్తే అది సహజమే. సర్వీస్ ఉన్న ఇమేజ్‌లో కూడా ఒక మెలిక ఉంది. ఫోన్ భాష తెలుగైతే జవాబు 'ఆంధ్రప్రదేశ్' అని తెలుగులో రావచ్చు, ఒడియా అయితే ఒడియాలో రావచ్చు. యాప్ ఇంగ్లిష్ పేరుతో పోల్చుకుంటూ కూర్చుంటే ఏదీ కలవదు. జియోకోడర్‌కి లొకేల్ ఇంగ్లిష్ అని విడిగా ఇచ్చారో లేదో చూడండి. భాష మార్చి, ఎమ్యులేటర్ రీస్టార్ట్ చేసి ఈ పరీక్ష మళ్ళీ చేయండి. మూడు భాషల్లో మూడుసార్లు చేయడం వృథా కాదు.

ఫేక్ లొకేషన్‌ని పట్టుకునే కోడ్ యాప్‌లో ఉంటే దాన్ని జియో ఫిక్స్‌తో పరీక్షించలేరు. ఎమ్యులేటర్ దృష్టిలో అది అసలు జీపీఎస్సే, 'మాక్' గుర్తు పడదు. డెవలపర్ ఆప్షన్స్‌లో మాక్ లొకేషన్ యాప్‌ని పెట్టి చూడాలి.

ఇక సిమ్, నెట్‌వర్క్. ఎమ్యులేటర్ సిమ్ అమెరికాది. ఆపరేటర్ నంబర్ అడిగితే 310260 అని చెబుతుంది. భారత సిమ్‌లవి 404, 405తో మొదలవుతాయి. ఫోన్ నంబర్ కూడా +1 555తో ఉంటుంది. 'భారత సిమ్ కాదు' అని యాప్ లాగిన్ ఆపేస్తే అది సరిగా పని చేసినట్టే. టెస్ట్ బిల్డ్‌లో ఆ తనిఖీ తీసే స్విచ్ పెట్టమని డెవలపర్‌ని అడగండి. రెండు సిమ్‌ల పరీక్ష ఇక్కడ పెట్టుకోవద్దు. ఆంధ్రా సిమ్ ఒకటి, ఒడిశా సిమ్ ఒకటి వేసుకుని తిరిగేవాళ్ళు సరిహద్దులో ఎక్కువే కాబట్టి ఆ పరీక్ష అవసరం, కానీ నిజం ఫోన్ మీద చేయండి.

ఎస్ఎంఎస్ లోపలికి పంపవచ్చు, 'ఏడీబీ ఎము ఎస్ఎంఎస్ సెండ్' తర్వాత నంబర్, ఆపైన మాట. బయటికి పంపింది మాత్రం ఏ టవర్‌కీ చేరదు. అందుకే సిమ్ నుంచి ఎస్ఎంఎస్ పంపి ఖాతా ముడేసే యూపీఐ యాప్‌లు ఎమ్యులేటర్‌లో రిజిస్టర్ కావు. ఓటీపీ చదివే కోడ్‌కి ఇంకొక పరిమితి: ఆ కమాండ్ పంపేవారి చోట అంకెలే తీసుకుంటుంది. నిజం ఓటీపీలు అక్షరాల పేరుతో వస్తాయి. పంపినవారి పేరు చూసి వడపోసే భాగం ఇక్కడ తేలదు.

రోమింగ్ పరీక్షకు:

ఏడీబీ ఎము జీఎస్ఎం డేటా రోమింగ్

ఇది కొట్టాక కూడా యాప్ హాయిగా నడుస్తూనే ఉంటే సంబరపడకండి. ఎమ్యులేటర్ 'ఆండ్రాయిడ్‌వైఫై' అనే వైఫైకి కలిసి ఉంటుంది, నెట్ దానిమీద పోతోంది. ముందు దాన్ని ఆపాలి:

ఏడీబీ షెల్ ఎస్‌వీసీ వైఫై డిజేబుల్

ఇప్పుడు సెట్టింగ్స్‌లో డేటా రోమింగ్ ఆఫ్ చేసి, మళ్ళీ రోమింగ్ కమాండ్ ఇచ్చి చూడండి. నెట్ పోవాలి, యాప్ ఆర్డర్‌ని ఫోన్‌లోనే దాచుకోవాలి, 'హోమ్' అని తిరిగి ఇచ్చినప్పుడు ఒక్కసారే పంపాలి. రెండుసార్లు పంపితే దుకాణదారుకు రెండు లోడ్ల సరుకు దిగుతుంది, అది పెద్ద తప్పు. బలహీనమైన నెట్‌కి 'నెట్‌వర్క్ స్పీడ్ ఎడ్జ్', 'నెట్‌వర్క్ డిలే ఎడ్జ్' రెండూ ఇవ్వండి. వేగం 473.6 కేబీపీఎస్‌కి, ఆలస్యం 80 నుంచి 400 మిల్లీసెకన్ల మధ్యకి వస్తాయి. రాయగడ, గజపతి కొండ ఊళ్ళలో సిగ్నల్ వచ్చీ పోతూ ఉంటుంది. దాన్ని ఈ కమాండ్లు అనుకరించవు. కాబట్టి డేటాని 'అన్‌రిజిస్టర్డ్', 'హోమ్' అని మార్చి మార్చి ఇచ్చే చిన్న స్క్రిప్ట్ రాసి, ఆర్డర్ పంపుతుండగా నడపండి.

క్యూఆర్ కోసం కెమెరా. వెనుక కెమెరా మామూలుగా ఒక బొమ్మ గదిని చూపిస్తుంది. ఆల్ట్ నొక్కి పట్టుకుని డబ్ల్యూ, ఏ, ఎస్, డీ మీటలతో అందులో తిరగవచ్చు. ఎక్స్‌టెండెడ్ కంట్రోల్స్‌లో క్యూఆర్ బొమ్మని ఆ గదిలో గోడకు అంటించవచ్చు. ల్యాప్‌టాప్ వెబ్‌క్యామ్ వాడాలంటే ఏవీడీ సెట్టింగ్స్‌లో వెనుక కెమెరాకి వెబ్‌క్యామ్0 ఎంచుకోండి. కోడ్ చదవడం, తప్పు కోడ్‌కి యాప్ ఏం చెబుతోంది అన్నంతవరకు ఇది చాలు. చీకటి కొట్లో ఫ్లాష్, నలిగిన స్టిక్కర్ మీద ఫోకస్ మాత్రం నిజం ఫోన్‌కే వదలండి.

వేలిముద్ర పట్టీలో ఉంటుంది, అయినా వెంటనే పని చేయదు. ముందు స్క్రీన్ పిన్ పెట్టాలి, సెట్టింగ్స్‌లో వేలిముద్ర చేర్చాలి, అది 'తాకండి' అన్నప్పుడల్లా 'ఏడీబీ ఎము ఫింగర్ టచ్ 1' ఇవ్వాలి. యాప్ 'క్యాన్ ఆథెంటికేట్'కి 0 వస్తే సిద్ధం, 11 అయితే వేలిముద్ర చేర్చలేదు, 12 అయితే హార్డ్‌వేరే లేదు. 11కీ 12కీ యాప్ ఒకే సందేశం చూపిస్తుంటే రాయండి. మొదటిదానికి మనిషి చేయగలిగింది ఉంది, రెండోదానికి లేదు. 1 ఇచ్చాక 2 ఇచ్చి తప్పుడు వేలు కూడా పరీక్షించండి.

బ్లూటూత్ ప్రింటర్ దగ్గర చాలామంది మోసపోతారు. కొత్త ఇమేజ్‌లలో బ్లూటూత్ ఉందనే పట్టీ చెబుతుంది. అది ఎమ్యులేటర్లు తమలో తాము కలుసుకునే ఊహా బ్లూటూత్, మీ బల్ల మీది ప్రింటర్‌ని అది చూడలేదు. యాప్‌లో ప్రింట్ చేసే భాగాన్ని, పంపే మార్గాన్ని విడదీయించండి. టెస్ట్ బిల్డ్‌లో ఆ బైట్లు 10.0.2.2 చిరునామాకి, 9100 పోర్టుకి వెళ్ళాలి. ఎమ్యులేటర్‌కి ఆ చిరునామా అంటే మీ కంప్యూటరే. అక్కడ ఒక చిన్న ప్రోగ్రామ్ వాటిని ఫైల్‌లో దాస్తే చాలు, చీటీ ఎలా వస్తుందో చూడొచ్చు. 58 ఎంఎం ప్రింటర్‌కి వెడల్పు 384 చుక్కలు. చవక ప్రింటర్లలో తెలుగు, ఒడియా ఫాంట్లు ఉండవు కాబట్టి చీటీ బొమ్మగా వెళ్తోందా, అక్షరాలుగానా అన్నది ఈ ఫైల్‌లోనే తెలిసిపోతుంది. అక్షరాలుగా వెళ్తే కాగితం మీద పిచ్చి గుర్తులే వస్తాయి.

భాషలు. యాప్‌లో ఒడియా ఫోల్డర్ పేరు 'వాల్యూస్' పక్కన డ్యాష్, ఓఆర్. తెలుగుకి టీఈ. ఓడీ అని పెడితే ఒడియా ఎప్పటికీ రాదు, ఎర్రర్ కూడా రాదు. మహారాష్ట్ర వైపు సిరొంచా, దెగ్లూరుల్లో వాడే యాప్ అయితే మరాఠీకి ఎంఆర్. ఏడీబీతో ఎక్కించిన డీబగ్ ఏపీకేలో భాషలన్నీ ఉంటాయి, ప్లే స్టోర్ నుంచి దిగే బండిల్‌లో మాత్రం ఫోన్‌లో ఉన్న భాషలే వస్తాయి. యాప్ లోపలి మెనూలో ఒడియా ఎంచుకుంటే ఇంగ్లిష్ కనబడటానికి ఎక్కువగా కారణం ఇదే. ప్లే ఇమేజ్ మీద ఇంటర్నల్ టెస్టింగ్ ద్వారా దింపి చూడకుండా భాషల గడిలో టిక్ పెట్టకండి. ఆర్డర్ చదివి వినిపించే సౌకర్యం ఉంటే 'ఈజ్ లాంగ్వేజ్ అవైలబుల్' జవాబు చూడండి. 0 లేదా పైన అయితే ఉన్నట్టు, మైనస్ 1 అయితే స్వరం డేటా దించాలి, మైనస్ 2 అయితే ఆ ఇంజన్‌కి ఆ భాషే రాదు.

కరెంట్ పోయి కంప్యూటర్ ఆగిపోతే

ఎమ్యులేటర్ మూసినప్పుడు స్నాప్‌షాట్ దాచుకుని, తిరిగి తెరిస్తే అక్కడి నుంచే లేస్తుంది. మధ్యలో కరెంట్ పోతే అది పాడవవచ్చు. పాడవకపోయినా పాత లొకేషన్, పాత నెట్‌వర్క్ స్థితి మోసుకొస్తుంది. ఫీచర్ల పరీక్ష ఎప్పుడూ డ్యాష్‌నోడ్యాష్‌స్నాప్‌షాట్‌తో మొదటి నుంచి బూట్ చేసి చేయండి. అప్పటికీ వింతగా ప్రవర్తిస్తే డ్యాష్‌వైప్‌డ్యాష్‌డేటా. ఇది వేలిముద్రలు, పిన్, ఇన్‌స్టాల్ చేసిన యాప్‌లు అన్నీ చెరిపేస్తుందని మరవకండి.

వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకి

జెనీమోషన్‌లో జీపీఎస్, బ్యాటరీ, నెట్‌వర్క్ మీటలు వేరేగా ఉన్నా మూడు గడుల పద్ధతి అదే. వేడ్రాయిడ్ అసలు వర్చువల్ మెషీన్ కాదు, లైనక్స్ కెర్నల్ మీదే నడిచే కంటైనర్. దాని ఫీచర్లు మీ లైనక్స్‌ని బట్టి మారతాయి కాబట్టి ఒకరి ఫలితం ఇంకొకరికి పనికిరాదు. ఐఫోన్ సిమ్యులేటర్ మ్యాక్‌లోనే నడుస్తుంది, అందులో కెమెరా, బ్లూటూత్ ఉండవు, ఫేస్ ఐడీని మాత్రం మెనూ నుంచి అనుకరించవచ్చు.

పట్టికలో ఏం రాయాలి

'పని చేసింది', 'చేయలేదు' అన్న రెండు మాటలు చాలవు. ఐదు రాయండి: ఉంది, పని చేసింది. ఉంది, పని చేయలేదు. లేదు, యాప్ సర్దుకుంది. లేదు, యాప్ పడిపోయింది. ఇక్కడ తేలదు. రెండోదీ నాలుగోదీ డెవలపర్‌కి వెళ్ళాలి. నాలుగోదాన్ని 'ఎమ్యులేటర్‌లో ఆ ఫీచర్ లేదు కదా' అని కొట్టిపారేయనివ్వకండి, ఎందుకంటే ఆ ఫీచర్ లేని ఫోన్ ఏదో ఒక దుకాణంలో ఉండే ఉంటుంది. ఐదోవన్నీ ఒక కాగితం మీదకి చేర్చి నిజం ఫోన్ దొరికిన రోజున వరసగా చేయండి: ప్రింటర్, రెండు సిమ్‌లు, ఓటీపీ పంపినవారి పేరు, ఫ్లాష్, యూపీఐ.

ప్రతి వరస పక్కనా ఎమ్యులేటర్ వెర్షన్, ఇమేజ్ బిల్డ్ ఫింగర్‌ప్రింట్ రాయండి. రెండోది గెట్‌ప్రాప్‌తో 'ఆర్ఓ డాట్ బిల్డ్ డాట్ ఫింగర్‌ప్రింట్' అడిగితే వస్తుంది. దాచుకున్న ఫీచర్ల పట్టీ ఫైల్‌ని కోడ్‌తో పాటే గిట్‌లో పెట్టండి. ఎస్‌డీకే మేనేజర్ ఇమేజ్‌ని అప్‌డేట్ చేసినప్పుడల్లా కొత్త పట్టీ తీసి పాతదానితో పోల్చండి, తేడా వచ్చిన పేర్లకు మూడో గడి మళ్ళీ చేయండి. లొకేషన్, నెట్‌వర్క్ మాత్రం తేడా వచ్చినా రాకపోయినా ప్రతి అప్‌డేట్‌కీ మొదటి నుంచి చేయాల్సిందే.